పేరు దాచి బొమ్మ చూపించడం: ఒక యాప్ డిజైన్‌లో నా అనుభవం

ఆర్ట్ హిస్టరీ చదివే పిల్లల కోసం యాప్ చేస్తున్నామని ఎవరికి చెప్పినా ముందు అడిగేది, “క్విజ్ ఉంటుందా?” అని. ఉంటుంది. కానీ మాకు ఎక్కువ కాలం పట్టింది క్విజ్‌కి కాదు, బొమ్మ కింద పేరు ఎప్పుడు చూపించాలన్నదానికి. పేరు, కాలం, రాజవంశం, ఊరు, ఈ నాలుగు ముక్కలూ తెర మీద ముందే ఉండాలా, తర్వాత రావాలా, వస్తే ఎంతసేపటికి రావాలి? వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. దీని మీద మేం ఇంట్లో భోజనాల దగ్గర, ఫోన్లో, ఎగ్మోర్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద లోకల్ ట్రైన్ కోసం చూస్తూ కూడా వాదించుకున్నాం.

నేను చెన్నైలో యూఐ డిజైనర్‌ని. పగలంతా ఐటీ ఆఫీసులుండే ఓఎమ్మార్ రోడ్డులో ఒక కంపెనీలో కూర్చుని డబ్బులు పంపే యాప్‌లకి తెరలు గీస్తుంటాను. మా అక్క కూతురు ఇక్కడ బీఎఫ్‌ఏ, అంటే చిత్రకళలో డిగ్రీ చదువుతూ మా ఇంట్లోనే ఉంటోంది. దాని స్నేహితుల్లో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లున్నారు, ఇక్కడే పుట్టి పెరిగి తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రానివాళ్లున్నారు, తమిళ పిల్లలూ ఉన్నారు. చార్‌కోల్ చేతికిస్తే కళ్లు తిప్పుకోలేని బొమ్మలు వేస్తారు, ఆర్ట్ హిస్టరీ పేపర్ అనగానే మాత్రం అందరికీ టెన్షన్. చదివేది జెరాక్స్ నోట్సు. సీనియర్ల నుంచి జూనియర్లకి చేతులు మారీ మారీ, జెరాక్స్‌కి జెరాక్స్ తీసీ తీసీ, ఫోటోల స్థానంలో నల్లటి మచ్చలు మిగిలాయి. “గాంధార బుద్ధుడూ మథుర బుద్ధుడూ ఇందులో ఒకేలా ఉంటారు పిన్నీ, కింద పేరు చూసి గుర్తుపట్టాలి” అంది ఒకరోజు, ఆ కాగితాలు నా మొహం ముందు పెట్టి. అవి రెండూ వేర్వేరు శిల్ప శైలులు. పేరు చూసి బొమ్మను గుర్తుపట్టడమేంటో! ఈ పని నెత్తికెత్తుకోవడానికి ఆ ఒక్క మాట చాలింది.

కోడ్ రాసేది నెల్లూరు కుర్రాడు, ఒకప్పుడు నా టీమ్‌లో పనిచేశాడు, నన్ను అక్కా అంటాడు. సలహాలిచ్చేది పెరంబూరులో ఉండే రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు. డబ్బు పెట్టేవాళ్లెవరూ లేరు, సెలవు రోజుల్లో చేసుకునే పని. అందుకే గడువులూ లేవు, వాదనలకి అంతూ లేదు.

పిల్లలు అసలు బొమ్మని ఎలా చూస్తారో తెలుసుకుందామని వాళ్లతో కలిసి ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్లాను (శుక్రవారం సెలవు, వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి). అక్కడి అమరావతి శిల్పాల కథ మనవాళ్లలో చాలామందికి తెలిసిందే. 1845లో వాల్టర్ ఎలియట్ అనే ఇంగ్లీషు అధికారి స్తూపం దగ్గర తవ్వించి పలకల్ని మద్రాసుకి తెప్పించాడు, అవి ఇక్కడ ఏళ్ల తరబడి ఎండకీ వానకీ పడి ఉండి, 1859లో లండన్‌కి ఓడెక్కాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికినవాటిలో చాలా భాగం ఎగ్మోర్‌కి చేరింది. అందులో ఒక గుండ్రటి పలక మీద నాలాగిరి ఏనుగు కథ ఉంటుంది, బుద్ధుణ్ణి చంపించాలని దేవదత్తుడు మదపుటేనుగుని వీధిలోకి వదిలించిన ఘట్టం. ఆ ఒక్క గుండ్రంలోనే ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఎడమవైపు ఒళ్లు తెలియని కోపంతో మనుషుల మీదికి వస్తోంది, కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వాలిపోయింది. పైన మేడ కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు, కింద ఒకావిడ హడలిపోయి పక్కవాణ్ణి కరుచుకుపోయింది.

పిల్లలు వచ్చారు, పక్కనున్న పేరు చీటీ చదివారు, ఫోన్లో ఫోటో తీసుకున్నారు, పక్క పలక దగ్గరికి వెళ్లిపోయారు. బయటికొచ్చి టీ తాగుతున్నప్పుడు, ఆ పలకలో ఏనుగులెన్ని అని అడిగాను. అందరూ ఒకటే అన్నారు, ఒకమ్మాయి మాత్రం రెండు అంది. ఆ అమ్మాయి చీటీ చదవలేదు. చీటీకి ఎవరో అడ్డం నిలబడితే, వాళ్లు కదిలేదాకా చేసేదేం లేక బొమ్మ చూస్తూ నిలబడిందట.

మాస్టారికి చెబితే ఆయనేం ఆశ్చర్యపోలేదు. “పేరు తెలిసిపోయాక ఇంకేముందమ్మా చూడ్డానికి, పని అయిపోయిందనుకుంటారు” అన్నారు.

దాంతో యాప్ ఎలా ఉండాలో తేలిపోయింది. తెరవగానే తెర నిండా బొమ్మ, పైనా కిందా ఒక్క అక్షరం ఉండదు. వేళ్లతో పెద్దది చేసుకోవచ్చు, అటూ ఇటూ జరుపుకోవచ్చు. మీ కన్ను ఆగిన మూడు చోట్ల వేలు పెడితే చుక్కలు పడతాయి, అప్పుడే పేరు తెరుచుకుంటుంది. దీన్ని ముందు కాగితం మీద చేశాం. ఏ ఫోర్ కాగితం మీద శిల్పం ప్రింటు, పైన ఫోన్ ఆకారంలో కోసిన అట్టముక్క, పేరు మీద పసుపు స్టికీ నోటు. మా హాల్లో పిల్లల్ని కూర్చోబెట్టి ఆడించాం. కాగితం మీద అందరూ బుద్ధిగా చూశారు, ఎదురుగా మనిషి ఉన్నాడు కాబట్టి. ఫోన్లోకి వచ్చేసరికి టక్ టక్ టక్ మని ఎక్కడో మూడుసార్లు కొట్టి పేరు తెరిచేస్తున్నారు. మా అక్క కూతురే అందరికంటే ముందు.

ఇక్కడ మాలో రెండు పక్షాలయ్యాయి. నెల్లూరు తమ్ముడిది టైమర్ పక్షం, అరనిమిషం దాకా పేరు తెరుచుకోకుండా తాళం వేసెయ్యాలంటాడు. ఆ అరనిమిషం వాళ్లు వాట్సాప్ చూసొస్తారని నా వాదన, యాప్‌లు చేసి చేసి నాకీ సంగతి బాగా తెలుసు. చివరికి చేసిందేమిటంటే, టకటకా కొట్టనిచ్చాం, కానీ పేరుతో పాటు వాళ్లు వేలు పెట్టిన చోట ఏముందో కూడా చెప్పేలా పెట్టాం. “మీరు తాకింది మోకాళ్ల మీద వాలిన ఏనుగు. ఇదే ఏనుగు ఇంకోచోట కూడా ఉంది, చూశారా?” అని వస్తుంది. ఖాళీ రాతి మీద కొడితే “ఇక్కడ ఏమీ చెక్కలేదు, శిల్పి వదిలేసిన జాగా” అని వస్తుంది. ఆ ఖాళీ జాగా మాట వచ్చేసరికి నవ్వొస్తుందట, మళ్లీ వెనక్కెళ్లి సరైన చోట కొట్టడం మొదలెట్టారు. దీనికోసం ప్రతి బొమ్మ మీదా ఏ ముక్క ఏమిటో మేమే కూర్చుని గీతలు గీసి పెట్టాలి. మహాబలిపురంలో అర్జునుడి తపస్సు అంటారే, కొందరు గంగావతరణం అంటారు, ఆ ఒక్క బండకే నా ఆదివారాలు ఎన్ని పోయాయో చెప్పలేను. ఏనుగులు, నాగులు, గంధర్వులు, బక్కచిక్కిన ముని, కింద ముందుకాళ్లు పైకెత్తి తపస్సు చేస్తున్న పిల్లి, ఆ దొంగజపాన్ని నమ్మి దగ్గరికొచ్చిన ఎలుకలు. పిల్లలందరికీ ఇష్టమైన ముక్క ఆ పిల్లే, అది దొరికాక మిగతా బండంతా వాళ్లే వెతుక్కుంటారు.

రెండో పెద్ద గొడవ వరస గురించి. నోట్సులో లాగే యాప్‌లో కూడా ముందు అమరావతి అంతా, తర్వాత పల్లవులంతా, తర్వాత చోళులంతా ఉండాలని పిల్లలు పట్టుబట్టారు. నేను అన్నీ కలిపేస్తానన్నాను. ఇది నా సొంత తెలివేం కాదు. నేట్ కోర్నెల్, రాబర్ట్ బ్యోర్క్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. పన్నెండుమంది చిత్రకారులు, ఒక్కొక్కరివి ఆరేసి బొమ్మలు. సగంమంది చిత్రకారుల బొమ్మల్ని ఒకరి తర్వాత ఒకరివిగా వరసగా చూపించారు, మిగతా సగంమందివి కలగలిపి చూపించారు. తర్వాత అంతకుముందు చూడని కొత్త బొమ్మ పెట్టి ఇది ఎవరిదో చెప్పమంటే, కలగలిపి చూసిన చిత్రకారుల్నే బాగా గుర్తుపట్టారు. తమాషా ఏంటంటే, మీకు ఏ పద్ధతిలో బాగా వచ్చింది అని అడిగితే ఎక్కువమంది వరసగా చూసిందే మేలన్నారు! మా పిల్లలూ అచ్చం అదే అన్నారు. కలిపి పెడితే “గందరగోళంగా ఉంది”, వరసగా పెడితే “చక్కగా ఎక్కుతోంది”. చక్కగా ఎక్కినట్టు అనిపించడం వేరు, ఎక్కడం వేరు. వీధి చివర నుంచి వచ్చే మనిషిని మొహం కనపడకముందే నడకని బట్టి మా చిన్నాన్న అని పోల్చుకుంటాం కదా, అది చిన్నాన్నని ఒక్కణ్ణే కూర్చోబెట్టి చూస్తే రాలేదు, నలుగురి మధ్య నడుస్తుండగా చూస్తే వచ్చింది. శైలి గుర్తుపట్టడమూ అంతే.

కలిపితే సరిపోదు, దేనితో ఏది కలపాలన్నది ఇంకో పని. క్విజ్‌లో తప్పు జవాబులు ఎలా ఉండాలన్నది ఎవరూ పట్టించుకోరు గానీ, నా దృష్టిలో యాప్ అంతా అక్కడే ఉంది. అమరావతి పలక చూపించి కింద మోనాలిసా, తాజ్‌మహల్ పేర్లు పెడితే ఎవరైనా సరిగ్గానే చెప్తారు, నేర్చుకునేదేం ఉండదు. పక్కన నాగార్జునకొండ పెట్టాలి, అదే పల్నాటి సున్నపురాయి, అదే సన్నటి మనుషులు, అప్పుడు తెలుస్తుంది కష్టం. బుద్ధ విగ్రహాల సెట్ తయారుచేస్తున్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. పిల్లలు చాలా వేగంగా, సరిగ్గా చెప్తున్నారు. ఎలా చెప్తున్నారో పక్కన కూర్చుని చూస్తే, రంగు! బూడిదరంగు రాయి అయితే గాంధార, ఎర్రటి ఇసుకరాయి అయితే మథుర, తెల్లగా ఆకుపచ్చ ఛాయలో ఉంటే అమరావతి. తప్పేం కాదు, రాయి కూడా సాక్ష్యమే. కానీ విగ్రహాన్ని చూడకుండానే చెప్పేస్తున్నారు. అందుకని రెండో మెట్టులో రంగు తీసేశాం, అదే ఫోటో నలుపు తెలుపుల్లో వస్తుంది. ఇప్పుడిక బట్ట చూడాల్సిందే. గాంధారలో వస్త్రం రెండు భుజాల మీదా బరువుగా మడతలు మడతలుగా వేలాడుతుంది, జుట్టు అలలు అలలుగా ఉంటుంది. అమరావతి బుద్ధుడికి కుడి భుజం ఖాళీ, వస్త్రం ఎడమ చేతి మీదుగా జారి కింద అంచు దగ్గర లావుగా చుట్టుకుంటుంది. “జెరాక్స్ నోట్సు బాలేదనే కదా పిన్నీ మొదలెట్టావ్, మళ్లీ బ్లాక్ అండ్ వైట్ చేశావేంటి” అని మా పిల్ల దెప్పింది. కానీ మచ్చలు లేని బ్లాక్ అండ్ వైట్ కదా.

రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించడం మాస్టారి కోరిక. ఇది పాత పద్ధతే, హైన్‌రిక్ వోల్ఫ్లిన్ అనే స్విస్ కళాచరిత్రకారుడు క్లాసులో రెండు స్లైడులు ఒకేసారి గోడ మీద వేసి పాఠం చెప్పేవాడు. గోడ మీద బాగుంటుంది, నిలువుగా పట్టుకున్న ఫోన్లో పక్కపక్కన పెడితే రెండూ తపాలా బిళ్లలంత అవుతాయి. పైనొకటి కిందొకటి పెట్టాం. మొదటి జంట మహిషాసురమర్దని. మహాబలిపురం గుహలో అసురుడికి దున్న తల, మనిషి ఒళ్లు, చేతిలో గద, ఇంకా నిలబడే ఉన్నాడు, దేవి సింహమెక్కి విల్లు పట్టుకుని మీదికి వస్తోంది, ఎవరు గెలుస్తారో తెలియని క్షణం. బాదామి ఒకటో గుహలో కథ అయిపోవచ్చింది, దేవి దున్నని తోక పట్టి ఎత్తి శూలంతో పొడుస్తోంది. కింద ఒకే ప్రశ్న ఉంటుంది, “ఏ బొమ్మలో యుద్ధం ఇంకా నడుస్తోంది? దేన్ని బట్టి?” జవాబు టైప్ చెయ్యనక్కర్లేదు, బొమ్మ మీద వేలు పెడితే చాలు.

కొలతల సంగతి మాస్టారూ నేనూ అనుకోనేలేదు, పిల్లల దగ్గర్నుంచి వచ్చింది. మొహెంజొదారో నాట్యగత్తె బొమ్మ చూస్తూ ఒకబ్బాయి, ఇది మనిషంత ఎత్తు ఉంటుంది కదా అన్నాడు. అది 10.5 సెంటీమీటర్లు! అరచేతిలో పడుతుంది. వాడిదేం తప్పు లేదు, ఫోన్లో అన్నీ ఆరంగుళాలే. మహాబలిపురం బండ పొడవే పాతిక మీటర్లు దాటుతుంది, అదీ ఆరంగుళాలే. మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు, పికాసో వేసిన గెర్నికా ఏడున్నర మీటర్ల వెడల్పు దాటిన కాన్వాస్, తెర మీద రెండూ అక్కచెల్లెళ్లు. అందుకని ప్రతి బొమ్మకీ ఒక చిన్న గుర్తు పెట్టాం, నొక్కితే పక్కన మనిషి నీడ వస్తుంది, నాట్యగత్తె పక్కన అయితే అరచేయి వస్తుంది. అర్జునుడి తపస్సు పక్కన ఆ మనిషి చీమంత అయిపోతాడు. యాప్‌లో అన్నిటికంటే తక్కువ కష్టపడి చేసింది ఇదే, పిల్లలు ఇంట్లోవాళ్లకి తీసి చూపించేదీ ఇదే.

గెర్నికాకి మాత్రం మనిషి నీడ పక్కన ఖాళీ చట్రమే ఉంటుంది. బొమ్మ పెట్టలేం. మన కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన తర్వాతి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు హక్కులుంటాయి, పికాసో పోయింది 1973లో, అంటే 2033 చివరిదాకా ఆగాలి. ఈ లెక్క వేసుకుంటూ సిలబస్‌ని చూస్తే తలనొప్పి మొదలవుతుంది. రవివర్మ 1906లో పోయాడు, హాయి. మన రాజమండ్రి దామెర్ల రామారావు 1925లో, పాపం 28 ఏళ్లు నిండకుండానే పోయాడు, ఆయన బొమ్మలూ పెట్టుకోవచ్చు. అమృతా షేర్‌గిల్ 1941, పర్వాలేదు. నందలాల్ బోస్ 1966, అంటే 2026 ముగిసేదాకా. చోళమండలం కళాగ్రామాన్ని 1966లో మొదలుపెట్టిన కె.సి.ఎస్. పణిక్కర్ 1977లో పోయాడు, 2037 దాకా ఆయన వారసుల అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. చెన్నైలో కూర్చుని మద్రాసు చిత్రకారుల గురించి చెప్పే యాప్‌లో మద్రాసు బొమ్మలే తక్కువ, ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. క్లాసులో టీచరు చూపించడానికి చట్టంలో వెసులుబాటు ఉంది గానీ, యాప్‌లో పెట్టి ఊరందరికీ పంచడం వేరే సంగతి. బయట శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాల ఫోటోలకి మాత్రం అడ్డు లేదు, అందుకే మెరీనాలో దేవీప్రసాద్ రాయ్ చౌదరి శ్రమైక విజయం, అదే బండని నెడుతున్న నలుగురు కూలీల విగ్రహం, 1959లో పెట్టింది, మా యాప్‌లో నాలుగు వైపుల నుంచీ ఉంది. పొద్దున్నే వెళ్లి మేమే తీసుకున్నాం.

పాత శిల్పాలకి కాపీరైట్ లేదు కదా అనుకోకండి. శిల్పానికి లేదు, ఫోటోకి ఉంటుంది. అందరూ వాడుకునేలా ఫోటోలు పెట్టే వికీమీడియా కామన్స్‌లో దొరికేవాటిలో చాలావాటికి తీసినవాళ్ల పేరు, లైసెన్సు చూపించాలి, మేం ప్రతి బొమ్మ వెనకా అవి పెట్టాం. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన దగ్గరున్న పాత కళాఖండాల ఫోటోల్ని ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేసింది, చోళ కంచు విగ్రహాలు కొన్ని అక్కడి నుంచే తెచ్చుకున్నాం. బ్రిటిష్ మ్యూజియం వాళ్లు వాడుకోనిస్తారు గానీ వ్యాపారానికి వీల్లేదంటారు. మేం యాప్‌కి డబ్బు తీసుకోకూడదని తేల్చుకోవడానికి అసలు కారణం ఇదే, దానధర్మమేం కాదు. అమరావతి పలకలు పెట్టాలంటే ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు.

ఫోటోలు దొరికాక తమ్ముడి కష్టాలు మొదలయ్యాయి. “అక్కా, నువ్వు ఫిగ్మాలో గీసేస్తావు, ఇక్కడ ఫోన్ ఏడస్తా ఉంది” అన్నాడు. ఫిగ్మా అంటే నేను తెరలు గీసుకునే సాఫ్ట్‌వేర్. ఫైలు చిన్నదే ఉండొచ్చు, కానీ 4000 బై 3000 పిక్సెళ్ల ఫోటోని తెర మీద విప్పితే పిక్సెల్‌కి నాలుగు బైట్ల చొప్పున 48 ఎంబీ మెమరీ తినేస్తుంది. పైనా కిందా రెండు బొమ్మలు పెట్టిన తెరలో దానికి రెట్టింపు. పిల్లల దగ్గరున్నవి పాత ఆండ్రాయిడ్ ఫోన్లు, యాప్ ఠక్కున మూసుకుపోయేది. చివరికి మ్యాప్‌లలో చేసినట్టే ఫోటోని 256 పిక్సెళ్ల చదరాలుగా కోసి, వేలు ఎక్కడుంటే అక్కడి చదరాలు మాత్రమే తెచ్చేలా చేశాడు. పిల్లి దగ్గరికి వెళ్తే పిల్లి చదరాలే వస్తాయి. నెట్ సరిగ్గా లేని హాస్టల్లో కూడా నడవాలి కాబట్టి ఒక్కో సెట్ ముందే దింపుకునే వీలు పెట్టాం.

తెలుగు అక్షరాల దగ్గర నేను పడ్డ పాట్లు ఇంకో రకం. నేను ఆఫీసులో వాడే బటన్ కొలతలన్నీ ఇంగ్లీషు అక్షరాలకి సరిపడేవి. అందులో “శ్రీకాళహస్తి” అని పెడితే కింద ఒత్తులు తెగిపోయాయి, “స్త్రీమూర్తి”లో రావత్తు సగమే మిగిలింది. మన అక్షరం పైకి గుడి, కిందికి ఒత్తు, రెండువైపులా పెరుగుతుంది. వరసకీ వరసకీ మధ్య ఎడం అక్షరం సైజుకి ఒకటీ పాయింట్ ఆరు రెట్లకి పెంచి, బటన్లకి ఎత్తు కట్టేసి ఉంచకుండా లోపలి మాటని బట్టి పెరిగేలా మార్చాక గానీ కుదుటపడలేదు. పేర్లకి మండలి ఫాంటు, వివరాలకి నోటో సాన్స్ తెలుగు వాడాం. తెలుగు చదవడం రాని మన పిల్లల కోసం వివరాల్ని చదివి వినిపించాలి. గొంతు మా అక్క కూతురిది. గోడల నుంచి శబ్దం తిరిగి రాకుండా బెడ్‌రూమ్‌లో బీరువా తలుపులు తెరిచి, చీరలకి ఎదురుగా నిలబెట్టి రికార్డ్ చేశాం, ఫ్యాన్ ఆపేసి, మే నెలలో. ఆ పిల్ల సహనానికి దండం పెట్టాలి.

ఇంత చేశాక సెమిస్టర్ పరీక్షలొచ్చాయి. “పిన్నీ, రేపు పరీక్ష. ఇవాళ నాకు చూడటం వద్దు, డేట్లు కావాలి” అంది. న్యాయమే. పేరు దాచే యాప్ పరీక్ష ముందు రాత్రి ఎవరికీ పనికిరాదు. మాస్టారు ఒప్పుకోలేదు, అన్నీ బట్టీకే అయితే నోట్సు ఉండనే ఉందిగా అన్నారు. నేను పిల్లల పక్షం వహించాను. పరీక్షల కోసం వేరే గది పెట్టాం, అందులో పేర్లు, కాలాలు కార్డులుగా వస్తాయి, తప్పు చెప్పింది త్వరగా, సరిగ్గా చెప్పింది ఆలస్యంగా మళ్లీ ఎదురవుతుంది. సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన అట్టపెట్టెల పద్ధతే, పెట్టెలు లేవంతే. మాస్టారిని బుజ్జగించడానికి కాలాల దగ్గర ఒక మార్పు చేశాం. సంవత్సరం టైప్ చెయ్యమని అడగం, ఒక పొడవాటి గీత మీద బొమ్మని తీసుకెళ్లి పెట్టాలి. అజంతా రెండో దశ గుహలకి వాల్టర్ స్పింక్ 460 నుంచి 480 దాకా ఇరవై ఏళ్ల చిన్న కాలం చెప్పాడు, వేరే పండితులు ఏడో శతాబ్దం దాకా సాగదీశారు. పిల్లలు చదివే పుస్తకాల్లో రెండూ ఉంటాయి, రెండూ కొట్టుకుంటాయి. గీత మీద ఇద్దరి పట్టీలూ చూపించేస్తాం, ఏది రాసినా ఎవరి మాట రాస్తున్నారో తెలుస్తుంది. అదే గీత మీద పైన మనవి, కింద బయటివి. రామప్ప గుడి శాసనం 1213 నాటిది, దాని కిందే ఫ్రాన్స్‌లో షార్ట్ర్ చర్చి మళ్లీ కడుతున్నారు. లేపాక్షి పై కప్పు మీద బొమ్మలు వేసింది పదహారో శతాబ్దంలో, 1541లో మైకెలాంజెలో రోమ్‌లో గోడ నిండా తీర్పుదినం వేసి ముగించాడు. ఇవి రెండూ దూరదూరంగా ఉన్న పేపర్లలో, వేర్వేరు సెమిస్టర్లలో చదువుతారు, ఒకే కాలమని వాళ్లకి తట్టే అవకాశమే లేదు.

ఆ పరీక్షల గది పెట్టినప్పటి నుంచీ వాడేవాళ్లు పెరిగారు, అది నిజం. పరీక్షలయ్యాక పేరు దాచిన గదికి వచ్చేవాళ్లు తక్కువే, కానీ వచ్చినవాళ్లు ఎక్కువసేపు ఉంటున్నారు, ముఖ్యంగా పిల్లి దగ్గర. మాస్టారికి అది చాలు. నాకు చాలదు, రెండు గదుల మధ్య గోడ తీసెయ్యాలి, కార్డులో కూడా ముందు బొమ్మే రావాలి, అది ఇంకా తెగలేదు.

ఇప్పుడు చేస్తున్నది కలంకారీ సెట్. ప్రశ్న ఒక్కటే, ఇది కలంతో గీసిందా, అచ్చుతో కొట్టిందా? శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు, గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, ఏ రెండు పువ్వులూ ఒకటి కావు. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో వేస్తారు, అచ్చులో ఒక రేకు అంచు విరిగి ఉంటే ఆ విరుపు బట్ట పొడవునా ప్రతి పువ్వులోనూ కనిపిస్తుంది. పేరు చదివి చెప్పే అవకాశమే లేదు, దగ్గరికెళ్లి చూడాల్సిందే, మా యాప్‌కి ఇంతకంటే సరైన పాఠం లేదు. చిక్కల్లా ఫోటోలతోనే, నేత పోగులు కనిపించేంత దగ్గరి ఫోటోలు ఎక్కడా దొరకడం లేదు. శ్రీకాళహస్తి ఇక్కడి నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. అక్కడ కలంకారీ వేసే ఒక కుటుంబం ఫోటోలు తీసుకోనిస్తామన్నారు, వాళ్ల పేరు ప్రతి ఫోటో కిందా వెయ్యాలని అడిగారు. కింద కాదు, వెనక వేస్తాం, బొమ్మ చూశాక తెరుచుకుంటుందని చెబితే ఆ పెద్దాయన కాసేపు ఆలోచించి, ఫోన్లో చూపించమన్నాడు. చూపించాను, ఒప్పుకున్నాడు. మచిలీపట్నం వైపు ఇంకా ఎవరూ దొరకలేదు. నెల్లూరు తమ్ముడు మాత్రం ఫోటోలు తియ్యకముందే సైజు తగ్గించమని గోల మొదలెట్టాడు.